రెప్పలు లేని ఇటుక

నేను ఒక ఇటుకను. మూరెడు పొడవు, మీ ఇళ్ళలోని ఇటుకలకు రెండింతలు బరువు. ఏటి ఒడ్డు బంకమట్టిలో వరిపొట్టు కలిపి తొక్కి, అచ్చుపోసి, కాల్చి, కొండమీద బౌద్ధ సన్యాసులుండే చిన్న గది గోడలో పెట్టారు నన్ను.

ఆ గదిలో ఒక కుర్ర సన్యాసి నా ఎదుట కూర్చునేవాడు. నన్నే చూస్తూ ఉండాలి. కళ్ళు మూసినా నేను కనబడాలి. తిరుగుబోతు మనసును ఒకచోట కట్టెయ్యడానికి అదొక సాధన. సగంలో అతని గురువు పోయాడు. ఇంకొకరిని అడగడానికి నామోషీపడి ఒంటరిగానే సాగించాడు. కొన్నాళ్ళకు అతన్ని మోసుకుపోయారు. కళ్ళు మూద్దామని చూశారు గాని, రెప్పలు పడలేదు.

తర్వాత కొండ ఖాళీ అయింది, గోడ కూలింది. మనుషులు చిత్రమైనవాళ్ళు. దేవుడున్నాడంటే గులకరాయి ముట్టరు, లేడంటే గోడలే మోసుకుపోతారు. అలా నేను గవరయ్య పశువులశాలలో కుడితి గోలెం కిందికి చేరాను.

గవరయ్య మాట తక్కువ మనిషి. దారినపోయే భిక్షువొకడు ఒక మధ్యాహ్నం అతని అరుగుమీద ఆగి, ఈ సాధన గురించే చెప్పాడు. గవరయ్య మొదలు మాత్రం విన్నాడు. ఇంతలో ఎడ్లకు నీళ్ళవేళ అయింది. తక్కినది కూర్చుంటే అదే తెలుస్తుందిలెమ్మని లేచిపోయాడు. భిక్షువు నవ్వి తన దారిన పోయాడు. మర్నాడు గవరయ్య నన్ను లాగి, కడిగి, గోడవార నిలబెట్టి ఎదుట కూర్చున్నాడు.

ఇటుకకు ఒళ్ళు జలదరిస్తుందా అంటారేమో. జలదరించింది. అదే చూపు.

కళ్ళు మూస్తే నేను కనబడ్డాను. పొంగిపోయాడు. ఇక నన్ను జారనివ్వకూడదనుకున్నాడు, పొరపాటంతా అక్కడే. తర్వాత కళ్ళు తెరిచినా నేనే. కంచంలో నేను, ఎద్దు మొహాన నేను. భార్య పైడమ్మ బెంగటిల్లి, ముక్కుపుడక తీసి అమ్మవారికి మొక్కు చెల్లించి, బోసిముక్కుతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"నానెవులినో సెప్పు," అంది.

"ఎర్రగా, పలకలాగున్నావు," అన్నాడు మెల్లగా.

పైడమ్మ వెళ్ళి మాచమ్మను పిలుచుకొచ్చింది. ఆ ముసలామె రంగూన్‌లో పుట్టి, చిన్నతనాన అక్కడి భిక్షుణుల దగ్గర సాధన నేర్చిన మనిషి. రాగానే నా మీద గోనె కప్పేసింది.

"నీళ్ళు తోడినాక సేంతాడు మెడకి సుట్టుకుంటావేటిరా? పట్టుకోడం నేర్సినావు, ఇడవడం ఎవులు నేర్పుతారు? నీ ఆడదాని ముక్కుకాడ సెయ్యెట్టు. ఊపిరి వత్తాది, పోతాది. ఆపగలవేటి?"

గవరయ్య చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. వచ్చిన ఊపిరి వచ్చినట్టే పోతోంది. ఉన్నట్టుండి అతని వేలు ఆమె ముక్కుమీద ఆగింది.

"పుడకేటయినాదే?" అన్నాడు.

పైడమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రం గవరయ్య నన్ను కొండకు మోసి, పాత గది గోతిలో దించి, వెనక్కి చూడకుండా పోయాడు. ఇప్పుడు మాచమ్మ దగ్గర కూర్చుని ఊపిరి చూసుకోవడం నేర్చుకుంటున్నాడట. నా ఊసే ఎత్తడట. మేకలవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను.

మంచిదే. కాని అతను నన్ను చూసినన్నాళ్ళూ నేనూ అతన్నే చూశాను. ఇక్కడ వాన పడుతుంది, ఎండ కాస్తుంది. గవరయ్య మొహం నా ఎదుట కదలకుండా కూర్చునే ఉంది. దాని వెనకాల ఆ కుర్రవాడి మొహం. నాకు మూద్దామన్నా రెప్పలు లేవు. చూసుకుందామన్నా ఊపిరి లేదు.

విడవడం తెలిసినవారెవరైనా ఇటు వస్తే, ఒక్క మాట. నా ఎదురుగా కూర్చోకండి. పక్కన కూర్చుని చెప్పండి.