పురుగు తొలవలేని పందొమ్మిది కాయలు

జూన్ ఏడు, బుధవారం పొద్దున్న పదిన్నరకి అత్తగారు కొట్టుగది తలుపు తీసి కోడళ్ళిద్దర్నీ పిలిచింది. ఏటా విత్తే ముందు చేసే పనే. బస్తాలు వరండాలోకి లాగడం, వేరుశనగ కాయలు చాటల్లో పోసుకుని ఒలవడం. ఈసారి మాత్రం రెండు రకాలు. ఒకటి పద్దెనిమిదేళ్ళ కిందట పెద్ద కోడలు పుట్టింటి నుంచి తెచ్చింది. రెండోది నిరుడు చిన్న కోడలు తెచ్చింది. కాయ చిన్నది, పెంకు గట్టి. ఏది పురుగుకి నిలిస్తే చేలో అదే వేద్దామని అత్తగారు ముందే చెప్పేసింది.

చిన్న కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచీ పెద్ద కోడలికి కుళ్ళు పుట్టినప్పుడల్లా నోట్లోంచి ఓ గోధుమరంగు పురుగు రాలేది. వేరుశనగని తొలిచే పురుగే. మామగారు చిన్న కోడలి వంట మెచ్చుకుంటే ఒకటి, మరిది ఆమెకి కొత్త చెప్పులు తెస్తే రెండు. "అక్కా, భుజం మీద" అంటూ చిన్న కోడలే దులిపేది.

ఏప్రిల్లో ఓ మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీస్తుంటే, పెద్ద కోడలు చిన్నదాని బస్తా మూతి విప్పి, ఎదురుగా కూర్చుని కడుపారా కుళ్ళుకుంది. దేవుడు చూస్తున్నాడని తెలిసీ ఆగలేకపోయింది. నలభై పురుగులు రాలాయి.

ఇప్పుడు చిన్న కోడలి కాయలు చాటలో గలగలలాడాయి. పెంకుల మీద గుడ్ల మచ్చలే తప్ప ఒక్క చిల్లు లేదు. కొట్టుగదిలో దాని పక్కనే ఉన్న పెద్ద కోడలి బస్తా ఎత్తితే దూదిలా లేచింది. కాయకో చిల్లు, లోపలంతా పొడి.

"గోనె పాతదయ్యుంటుందిలే పెద్దమ్మాయ్," అంది అత్తగారు.

"గోనె కాదత్తయ్యా, నా నోరే."

చిన్న కోడలు అప్పటికే ఆ పొడిలో వేళ్ళు పెట్టి ఏరుతోంది. "అక్కా, ఇవి చూడు. పురుగులు గుడ్లు పెట్టాయి గానీ లోపలికి పోలేకపోయాయి. పందొమ్మిది!"

"పందొమ్మిదా? మీ ఆయన నోట్లో వేసుకోవడానికైనా చాలవు."

"తినడానికెవరిమ్మన్నారు? విత్తనానికి. నీ నలభైకీ లొంగనివి ఇవి."

"నలభై అని నీకెవరు చెప్పారే?"

"ఆ మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదక్కా."

ఈ ఉపాయం కూడా దీనికే తోచాలా అనుకుంది పెద్ద కోడలు. గొంతు దురదపెట్టింది. ఒక పురుగు రాలి, ఆ కాయల చుట్టూ తిరిగి, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే చేనంతా చిన్న కోడలి విత్తనమే వేశారు. గట్టు పక్కన ఒక్క సాలు పెద్ద కోడలికి వదిలారు. ఆ పందొమ్మిది కాయలూ ఒలిస్తే వచ్చిన ముప్పై ఎనిమిది గింజల్నీ ఆమె ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కటీ తనే వేసింది. చిన్న కోడల్ని మాత్రం వెనకే నడిచి మట్టి కప్పనిచ్చింది.