కొండనెత్తి మీద వెర్లీ కంచె

కంచె పడిపోయిందన్న కబురు పొద్దున్నే వచ్చింది. వెర్లీ కాంబ్స్ పొయ్యి మీది చిక్కుడు గింజల గిన్నె దించేసి, బూట్లు తొడుక్కుని, ట్రక్కు తీసుకుని కొండెక్కింది. ఆమె చేరేసరికి ఓనా అత్త రోడ్డు మధ్యలో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకవైపు స్కూలు బస్సు, ఇంకోవైపు కలప లారీ ఆగిపోయి ఉన్నాయి. నడుమ గొర్రెలు పెళ్ళికొచ్చిన చుట్టాల్లా తాపీగా తిరుగుతున్నాయి.

"అలా చూస్తావేంటే, తోలు!" అని కేకేసింది అత్త.

మధ్యాహ్నానికి మందని ఇంటి వెనక దొడ్లోకి చేర్చారు. నలభై ఎనిమిదింటిలో ఏడు దొరకలేదు. వాటిలో మూడింటిని కుక్కలు ఎక్కడ పట్టాయో సాయంత్రానికి తెలిసింది. మిగతావి ఏమయ్యాయో ఎప్పటికీ తెలియలేదు.

కెంటకీ తూర్పు కొండల్లో ఆ కొండకి ఇప్పుడు నెత్తి లేదు. బొగ్గు కంపెనీ దాన్ని నరికి, కింది బొగ్గంతా తీసుకుని, గుంటలో మళ్ళీ రాళ్ళు నింపి, పైన జానెడు మట్టి పోసి గడ్డి చల్లి వెళ్ళిపోయింది. గడ్డి బాగానే పెరిగింది. అరవై ఎకరాల మైదానం. ఓనా అత్త ఆ గడ్డిని నమ్ముకునే గొర్రెలు పెట్టింది. కానీ ఆ గడ్డి మీద కన్నేసినవి ఇంకా ఉన్నాయి. పడమటి రాష్ట్రాల నుంచి తెచ్చి వదిలిన ఎల్క్ దుప్పులు అక్కడ గుంపులు గుంపులుగా పెరిగాయి. మగ ఎల్క్ ఒక్కొక్కటీ మన దున్నపోతు బరువుంటుంది. కంచె అడ్డొస్తే దూకుతుంది, దూకాలనిపించకపోతే తోసుకుపోతుంది. ఆ రోజు తోసుకుపోయింది.

సాయంత్రం ఎస్టిల్ నేపియర్ వచ్చాడు. అత్త భర్తకి అన్న కొడుకు. వెర్లీకి బావ వరస. జిల్లాలో సగం కంచెలు అతను కట్టినవే, పడిపోయిన ఈ కంచెతో సహా.

"నా కంచెకేం లోటు లేదు పిన్నీ," అన్నాడు టోపీ తీయకుండానే. "లోటంతా ఈ నేలలో ఉంది. కింద రాళ్ళగుట్ట. గుంజ ఎలా నిలుస్తుంది? ఈసారి ఎనిమిదడుగులకో గుంజ పాతి, ప్రతిదానికీ కాంక్రీటు పోద్దాం."

"ఎంతవుతుంది?"

అతను చెప్పాడు.

"ఆ డబ్బుతో ఒక్కో గొర్రెకీ ఒక్కో గది కట్టించి, తలుపుకి తాళం వెయ్యొచ్చురా," అంది అత్త. "వద్దులే. అక్టోబరు సంతలో మందని అమ్మేస్తాను. ఇక నా వల్ల కాదు."

వెర్లీ అక్కడ లేదు. ఆమె పడిపోయిన కంచె వెంట నడుస్తోంది.

ఇరవై రెండేళ్ళు ఆమె భూమి కింద పనిచేసింది. బొగ్గు తీసిన చోటికి అందరికంటే ముందు వెళ్ళి, పైకప్పు రాతికి చిల్లు వేసి, ఇనుప కడ్డీ ఎక్కించి బిగించడం ఆమె పని. ఆ కడ్డీ పైకప్పుని పట్టుకుంటేనే మిగతావాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు. రెండేళ్ళ కిందట గని మూతపడింది. అప్పట్నించి ఊళ్ళో ఒక కొట్లో గల్లా దగ్గర నిలబడి సబ్బులకీ బిస్కెట్లకీ బిల్లు కొడుతోంది. ఆ పని చేస్తున్నంతసేపూ తన చేతులు వేరేవాళ్ళవేమో అనిపించేది ఆమెకి.

కంచె వెంట అరమైలు నడిచేసరికి ఆమెకి ఒక సంగతి కనబడింది. తీగ తెగలేదు. గుంజలు విరగలేదు. అన్నీ ఒకే వైపుకి, వరసలో నిలబడ్డ పిల్లల్లా వాలిపోయి ఉన్నాయి. వాటి వెంటే చివరిదాకా వెళితే మూల గుంజ కనబడింది. అది వేళ్ళతో సహా లేచిన పన్నులా మట్టిలోంచి పైకి ఊడివచ్చింది.

"నడుమ ఎక్కడా పోలేదు బావా," అంది వెనక్కి వచ్చి, కాంక్రీటు లెక్కా సంత మాటా విన్నాక. "ముందు మూల పోయింది. మూల వదిలేశాక తీగ సడలింది, తీగ సడలాక దుప్పి నడిచి వెళ్ళిపోయింది. నువ్వు డబ్బంతా నడుమ పోస్తున్నావు. మూలలకి పోయాలి."

ఎస్టిల్ నవ్వాడు. "పాతికేళ్ళుగా కంచెలు కడుతున్నాను తల్లీ. కొట్లో సబ్బులు అమ్ముకునే నువ్వు చెబితే నేర్చుకుంటాలే."

వెర్లీ ముఖం ఎర్రబడింది. అత్త వైపు తిరిగింది. "అక్టోబరు దాకా టైముందిగా. నాకివ్వు."

"డబ్బు?"

"ఆ పడ్డ గుంజల్లో సగం చాలు. మిగతా సగం అమ్ముదాం. తీగ మాత్రం కొత్తది కావాలి, గట్టి ఉక్కుది. మిగతా సామానంతా తుక్కులో దొరుకుతుంది."

అత్త ఆమెని ఎగాదిగా చూసింది. "నీకు మతిపోయిందేమో అనుకుంటాను గానీ, మీ నాన్నకీ ఇలాగే పోయేది. అప్పుడప్పుడు మంచే జరిగేది. సరే, కానియ్!"

గనిలో వెర్లీకి జోడీగా పనిచేసిన హోబర్ట్ తర్వాతి ఆదివారం వచ్చాడు. ఆమె కంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఇద్దరూ చెరో ఇనుప గడ్డపార పట్టుకుని మైదానం అంచు వెంట నేలని కొట్టుకుంటూ నడిచారు. గనిలో పైకప్పుని అలాగే తట్టి చూసేవాళ్ళు. గట్టి రాయి గంటలా ఖణేల్‌మంటుంది, బోలుగా ఉంటే డప్పులా దబ్బుమంటుంది. నింపిన రాళ్ళ మీద అంతా డప్పే. కానీ కొండ అంచున, కంపెనీ తవ్వకుండా వదిలేసిన చోట, మట్టి కింద అసలైన బండ మోగింది.

"ఇక్కడే అక్కా!" అని అరిచాడు హోబర్ట్. ఇంకోసారి కొట్టాడు, వినడానికి బాగుందని.

నాలుగు చోట్ల బండ దొరికింది. నాలుగు మూలలూ అక్కడే. దాంతో మైదానం చతురస్రంలా కాకుండా, తొక్కిన రొట్టెలా వంకరగా తేలింది. రెండెకరాలు బయటికి పోయాయి. "పోతే పోనీ," అంది అత్త. "గొర్రెలకి లెక్కలు రావు."

మూతపడిన గనిలో వాడకుండా మిగిలిన పైకప్పు కడ్డీలని పాత ఇనుము కొట్లో కాటా వేసి కొన్నారు. ఎండిపోయిన గ్యాసు బావి గొట్టాలు మూల గుంజలయ్యాయి. గాలి డ్రిల్లు అద్దెకి తెచ్చి, బండలో మూడడుగుల గుంట తొలిచి గొట్టాన్ని నిలబెట్టి, దాని పాదం చుట్టూ మూడేసి కడ్డీలు దించి సిమెంటు పాలు పోశారు. డ్రిల్లు మొదటిసారి రాతిని కరిచినప్పుడు ఆ అదురు మణికట్టు మీదుగా భుజాల్లోకి ఎక్కింది. రెండేళ్ళ తర్వాత వెర్లీకి తన చేతులు తనకి దొరికినట్టయింది.

తీగ వచ్చింది. నిలువు తీగలూ అడ్డ తీగలూ ముడులతో అల్లిన వల, నాలుగడుగుల ఎత్తు. అడ్డ తీగలో ముడికీ ముడికీ మధ్య చిన్న వంపు ఉంటుంది. బిగిస్తే ఆ వంపు కొంత సాగుతుంది, వదిలితే మళ్ళీ ముడుచుకుంటుంది. పాత మెత్తని తీగ ఒకసారి సాగితే సాగినట్టే. ఇది అలా కాదు, మొండిది.

ఎస్టిల్ ప్రతి వారం ఏదో ఒక సాకుతో వచ్చి చూసేవాడు. గుంజల మధ్య దూరాన్ని అడుగులు వేసి కొలిచాడొకసారి.

"ఇరవై అడుగులా! కంచె కడుతున్నావా, బట్టలారేసుకోడానికి దండెం కడుతున్నావా?"

"నీ చొక్కా కూడా తీసుకురా బావా, చోటుంది," అంది వెర్లీ చేతిలో పని ఆపకుండా.

"గుంజకి తీగని గట్టిగా కట్టలేదే. వేలు దూరుతోంది."

"దూరాలి. దెబ్బ ఒకచోట తగిలితే తీగ జరగాలి, అటూ ఇటూ వంద అడుగులు పంచుకోవాలి. బిగించి కట్టేస్తే ఆ ఒక్క గుంజే మొత్తం తినాలి."

ఎస్టిల్ తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

అతను నవ్వడానికి తగ్గ రోజు ఒకటి ఆగస్టులో నిజంగానే వచ్చింది. రెండు మూలలు బాగా నిలిచాయి. మూడో మూల దగ్గర ట్రక్కుతో తీగ లాగుతుంటే టక్‌మని చప్పుడయింది. సిమెంటు పగిలింది. ఇనుప గొట్టం బొటనవేలంత పైకి లేచింది. హోబర్ట్ ట్రక్కు ఆపి దిగాడు. ఇద్దరూ దాని ముందు కూలబడ్డారు.

"బండ మంచిదే కదక్కా. మోగింది కదా!"

వెర్లీ చాలాసేపు చూసింది. మూల గుంజ ముందుకి పడకుండా, కంచె వైపు నుంచి ఒక గొట్టం ఊతగా పెట్టారు. ఊత కింది కొస ఒక చదును రాయి మీద ఆనుతుంది. ఈ మూలలో పొడుగు గొట్టం దొరక్క పొట్టిది పెట్టారు. అది నిటారుగా ఉంది. తీగ లాగిన కొద్దీ ఆ పొట్టి ఊత గుంజని జాకీలా కింద నుంచి పైకి లేపింది.

"బండది కాదు తప్పు, నాది," అంది. "ఊత పొడుగ్గా, నేలకి దగ్గరగా వాలి ఉంటే గుంజని పట్టి ఆపుతుంది. ఇలా నిలబెడితే ఎత్తి పారేస్తుంది. తీసెయ్. పన్నెండడుగులది దొరికేదాకా పని ఆపుదాం."

పన్నెండడుగుల గొట్టానికి రెండు లోయలు దాటి వెళ్ళి వచ్చారు. పాతవి కోసేసి, కొత్త చిల్లులు తొలిచి, మళ్ళీ సిమెంటు పోసి, ఈసారి వారం ఆగారు. ఆ వారమంతా వెర్లీ కొట్లో చిల్లర తప్పుగా ఇస్తూనే ఉంది. ఎనిమిదో రోజు తీగ లాగారు. వంపులు సగానికి సాగాయి. గొట్టం వెంట్రుకవాసి కదల్లేదు. హోబర్ట్ గట్టిగా ఈల వేశాడు.

సెప్టెంబరు రెండో వారంలో గొర్రెలని పైకి వదిలారు. మగ ఎల్క్‌లు మదమెక్కి పోట్లాడుకునే కాలం అది. కొండ కొండంతా వాటి అరుపులే. సంతకి ఇంకా మూడు వారాలుంది. అమ్మేవాళ్ళ జాబితాలోంచి అత్త తన పేరు ఇంకా తీయించలేదు.

ఒక శనివారం ఉదయం మిగిలిన పాత గుంజలు కొనుక్కోడానికి ఎస్టిల్ వచ్చాడు. నలుగురూ ట్రక్కు దగ్గర నిలబడి ఉండగా పొగమంచులోంచి రెండు మగ ఎల్క్‌లు బయటికొచ్చాయి. కొమ్ములు కలిపాయి. పెద్దది చిన్నదాన్ని వెనక్కి తోస్తోంది. తోస్తూ తోస్తూ నేరుగా కంచె మీదికి తెచ్చింది.

"అయిపోయింది," అన్నాడు ఎస్టిల్. అందులో ఎగతాళి లేదు. ఆ క్షణంలో అతనికి నిజంగానే జాలేసింది.

చిన్న ఎల్క్ వెనక కాళ్ళతో తీగ మీద పడింది. దాని మీద పెద్దదాని బరువు కూడా. కంచె ఉయ్యాలలా లోపలికి వంగింది. నాలుగడుగులు, ఐదడుగులు. దగ్గరి రెండు గుంజలు వంగిపోయాయి. తీగ పొడుగునా తేనెపట్టులోంచి వచ్చినట్టు ఝుమ్మని మోత పుట్టింది. మిగతా ముగ్గురూ దుప్పుల వైపు చూస్తున్నారు. వెర్లీ ఒక్కతే మూల వైపు చూస్తోంది. గొట్టం కదల్లేదు.

మరుక్షణం తీగ వాటిని విసిరేసింది. నిజంగానే విసిరేసింది. చిన్నది మోకాళ్ళ మీద పడి, లేచి, పెద్దదాని పక్కనుంచి దారి చేసుకుని పరిగెత్తింది. పెద్దది బిత్తరపోయి ఒక్క క్షణం కంచె వైపు చూసింది. కొమ్ములతో ఒకసారి కుమ్మింది. తీగ వంగి, మళ్ళీ దాని ముఖానికే కొట్టింది. అది తల విదిలించి, తనకిక్కడ పనేమీ లేదన్నట్టు మంచులోకి వెళ్ళిపోయింది. లోపల గొర్రెలు పది గజాలు జరిగి మళ్ళీ మేత మొదలెట్టాయి.

ఓనా అత్త రెండు చేతులూ పైకెత్తి, "నా తల్లే! నా బంగారు తల్లే!" అని కొండ దద్దరిల్లేలా అరిచింది. హోబర్ట్ టోపీ గాల్లోకి విసిరాడు. వెర్లీ నవ్వుదామనుకుంది గానీ ముందు ఏడుపే వచ్చింది. దాన్ని దాచుకోలేదు.

ఎస్టిల్ మూల దగ్గరికి నడిచి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సిమెంటు చుట్టూ వేలు తిప్పి చూశాడు. పగులు లేదు. తర్వాత వంగిన రెండు గుంజల దగ్గరికి వెళ్ళి, మోకాలు ఆనించి తనే సరిచేశాడు. అయిదు నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చినప్పుడు టోపీ చేతిలో ఉంది.

"పాతికేళ్ళు," అన్నాడు. "పాతికేళ్ళు నడుమ గుంజలు పాతుకుంటూ బతికానే వెర్లీ. నాకు నేర్పు."

"సబ్బులమ్ముకునేదాని దగ్గరా?"

"ఆ మాటకి చెంప మీద ఒకటిచ్చుకో, తీసుకుంటాను. నేర్పు మాత్రం నేర్పు."

"చెంపదెబ్బ అత్త ఇస్తుందిలే, ఆవిడకి చెయ్యి బాగా తిరుగుతుంది," అంది వెర్లీ. "మూలలు నేను కడతాను బావా. తీగ నువ్వు లాగు. నా మనుషులు ఉన్నారు, గని వాళ్ళు. ఖాళీగా కూర్చున్నారు."

అత్త ఆ మధ్యాహ్నమే సంతవాళ్ళకి ఫోన్ చేసింది. "ఓనా నేపియర్‌ని. నా పేరు కొట్టెయ్యండి. అమ్మేవాళ్ళలోంచే. కొనేవాళ్ళలో రాసుకోండి," అని గట్టిగా చెప్పి, అవతలివాళ్ళు ఏదో అడుగుతుండగానే పెట్టేసింది. ఆ రాత్రికి మొక్కజొన్న రొట్టె కాల్చి, చిక్కుడు గింజల కూర చేసి, వచ్చినవాళ్ళకల్లా పెట్టి, దుప్పుల కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అవి కొంత పెద్దవయ్యాయి.

కబురు లోయలన్నీ తిరిగింది. నెత్తి నరికిన కొండలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. వాటి మీద గడ్డి ఉన్నా, కంచె నిలవదని వదిలేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు వచ్చి తీగని చేత్తో లాగి చూశారు, మూలల్ని కాలితో తన్ని చూశారు. ఒకాయన గొడ్డలితో కొట్టి చూస్తానంటే అత్త చీపురు చూపించింది. క్రిస్మస్‌లోపే వెర్లీ కొట్టుకి వెళ్ళి ఏప్రను మడిచి యజమాని బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మార్చి నెలాఖరున ఒక పొద్దున మూడు ట్రక్కులు ఊరి వీధిలోంచి వరసగా వెళ్ళాయి. వెనక డ్రిల్లులు, కడ్డీల కట్టలు. లోపల గని వదిలాక మళ్ళీ నెత్తిన హెల్మెట్లు పెట్టుకున్న ఏడుగురు. మంగలి కొట్టు ముందు కూర్చున్న ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. చివరి ట్రక్కులో ఎస్టిల్ హారను నొక్కి పట్టుకున్నాడు, వదల్లేదు.

ముందు ట్రక్కు నడుపుతున్న వెర్లీ అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, కొండ మలుపు ఎక్కించింది. ఆ రోజు కట్టాల్సిన మూలలు నాలుగున్నాయి.