ఎర్త్ తీగ మీద పసుపు

వీరేందర్ తాళం తిప్పాడు. బానెట్ లోపల ఎక్కడో 'టక్' మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"ఆగన్నా, ఊకె కొట్టకు," అన్నాడు బిక్షం, ఇంజను మీద వంచిన తల ఎత్తకుండానే. "ఏడాది పండుకున్నదాన్ని లేపాలంటే జర నిమ్మళంగ లేపాలె. పెండ్లామైనా అంతే, బండైనా అంతే."

వీరేందర్ నవ్వలేదు. బిక్షం జనగామలో కార్ల కరెంటు పని చేస్తాడు. పొద్దున ఫోన్ చేయగానే స్కూటీ ముందు బ్యాటరీ ఒకటి పెట్టుకుని వచ్చాడు. ఈ ఇంటి సంగతి అతనికేమీ తెలియదు. అందుకే వీరేందర్ అతన్ని పిలిచాడు. తెలిసినవాడైతే కారు కంటే ముందు తన ముఖం చూస్తాడు.

భార్య శోభారాణి టేకుమట్లలోని తల్లిగారింటి నుంచి మొన్న ఫోన్ చేసింది. ఏడాదిలో ఆమె తనంతట తాను చేయడం అదే మొదలు.

"ఆదివారం జెస్సీ జ్ఞాపకార్థ ప్రార్థన. పగటికి పెట్టుకున్నం. కారు తీస్కొని రా. ఆ కారే. ప్రార్థనైనంక నేను నీతోని అండ్లనే వస్త. బస్సుల వచ్చినవనుకో, కిరాయి బండిల వచ్చినవనుకో, నేను రాను. ఇగ ఎన్నడు రాను."

ఆమె బెదిరించలేదు. కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పింది. తిరిగి వచ్చే దారి ఒకటే ఉందనీ, అది ఆ వెనక సీటు మీదుగానే పోతుందనీ అతనికి అర్థమైంది.

నిరుడు వాళ్ళ నాలుగేళ్ళ బిడ్డ జెస్సీ వరంగల్ దవాఖానలో డెంగీతో పోయింది. వెనక సీట్లో తల్లి ఒడిలో పడుకుని ఇంటికి వచ్చింది. బండి నడిపింది వీరేందరే. మట్టి చేసి వచ్చిన మర్నాడు అతని తల్లి కట్టమ్మ బిందె నిండా పసుపు నీళ్ళు కలిపి, వేపమండతో కారంతా చల్లి, తర్వాత కుమ్మరించి కడిగింది. డ్రైవరు సీటు వీపు మీద జెస్సీ కాళ్ళతో తన్నిన మట్టి మరకలుండేవి. సీటు సందుల్లో బిస్కెట్ పొడి ఉండేది. నీళ్ళ చప్పుడుకు శోభారాణి బయటికి వచ్చేసరికి అన్నీ పోయాయి.

"నా బిడ్డ మైలనా అత్తా?" అని మాత్రం అడిగింది.

"నేను బిడ్డను కడిగిన్నా? చావును కడుగుతున్న," అంది కట్టమ్మ ఏడుస్తూనే. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ముందటిది గూడ లేపు కొడుకా, లోపల గూడ పొయ్యాలె," అంది.

వీరేందర్ బానెట్ లేపి పట్టుకున్నాడు. ఆ రోజు ఎవరో ఒకరు ఏదో ఒక పని చెప్పడమే అతనికి కావలసింది. రెండు చేతులకూ పని దొరికింది. భార్య ముఖం చూడాల్సిన పని తప్పింది. మూడో రోజు ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. కారు అప్పటి నుంచి రేకుల కిందే ఉంది.

"నీ బ్యాటరీ అయితే సచ్చింది," అన్నాడు బిక్షం. తన బ్యాటరీని ఎరుపు, నలుపు వైర్లతో దానికి కలిపాడు. "ఇప్పుడు లైట్లెయ్యి. గోడ దిక్కు చూడు. నేను చెప్పంగనే సెల్ఫ్ కొట్టు. ఎలుగు తగ్గుతదా లేదా చెప్పు."

గోడ మీద రెండు తెల్లటి వెలుగులు పడ్డాయి. వీరేందర్ తాళం తిప్పాడు. మళ్ళీ 'టక్'. వెలుగు తగ్గలేదు.

"తగ్గలే."

"అంటే కరెంటు మస్తుగున్నది గని సెల్ఫ్ గుంజుకుంటలేదు." బిక్షం వైర్లు ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. "ఎలుకలు గూడ కొరకలే. నీ ఇంట్ల ఎలుకలకు పస లేనట్టున్నది." కింద దూరి సెల్ఫ్ మోటారును పానా వెనకవైపుతో నాలుగు దెబ్బలు కొట్టాడు. "ఇప్పుడు కొట్టు."

టక్.

"సెల్ఫే పోయినట్టున్నదన్నా. దించాలె, షెడ్డుకు తీస్కపోవాలె. రెండు రోజులు పడ్తది."

వీరేందర్ భుజాలు సడలాయి. ఊపిరి తేలికగా ఆడింది. ఆ తేలికను అతను లోపల్నుంచి స్పష్టంగా చూశాడు. పరీక్ష రోజున జ్వరం వచ్చిన పిల్లవాడికి ఉండే తేలిక అది. తప్పంతా మొయ్యడానికి ఒక యంత్రం దొరికింది. నేను రాలేకపోలేదు, బండి రాలేదు.

"అయితే ఇయ్యాల కాదన్నట్టేనా?"

ఆ గొంతులోని ఆశను బిక్షం మరోలా విన్నాడు. "గట్ల పరేషాన్ గాకన్నా. అర్జెంటు పనున్నట్టున్నది. ఇంకొకటి చూస్త, ఆగు."

నల్ల వైరు ఒక కొసను తన బ్యాటరీకే ఉంచి, రెండో కొసను ఇంజను ఇనుముకే నేరుగా పట్టించాడు. "ఊఁ, కొట్టు."

కారు మొత్తం ఒక్కసారి కదిలింది. ఇంజను గిర్రున తిరిగింది, దగ్గింది, అంటుకోలేదు గానీ తిరిగింది. వీరేందర్ వేళ్ళు తాళం మీదే బిగుసుకుపోయాయి.

"దొరికింది దొంగ! సెల్ఫ్ మంచిగనే ఉన్నది. ఎర్త్ దొరుకుతలేదు, గంతే." బిక్షం కిందికి వంగి, ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే లావుపాటి అల్లిక ఎర్త్ తీగను విప్పి పైకి తెచ్చాడు. దాని కొస మీద ఆకుపచ్చటి తుప్పు పొక్కులుగా లేచి ఉంది. తుప్పు మధ్యలో గట్టిగా పేరుకున్న పసుపు ముద్ద. బిక్షం గోరుతో గీకి వాసన చూశాడు.

"ఇదేందన్నా, ఇంజన్ల పసుపు? బండికి గూడ నలుగు వెట్టి పెండ్లి చేసిన్రా?"

వాకిట్లో బియ్యం ఏరుతున్న కట్టమ్మ చేతులు ఆగాయి.

"పూజ చేసినం," అన్నాడు వీరేందర్.

"పూజంటే టైర్ల కింద నిమ్మకాయలు వెడ్తరు, అద్దానికి బొట్టు వెడ్తరు. తానం వోస్తరా ఎవలన్న? నీళ్ళు వోసి, ఎండవెట్టకుండ ఏడాది మూతవెడ్తే ఏ ఎర్త్ ఆగుతది?" గరుకు కాగితంతో తీగ కొసను రుద్దుతూనే ఉన్నాడు. పసుపు పొడి రాలి అతని చెప్పుల మీద పడింది. లోహం తెల్లగా తేలింది. తీగను బిగించి, "ఇప్పుడు పోతది. దేవునికి మొక్కి కొట్టు," అన్నాడు.

రెండోసారికే ఇంజను అందుకుంది. ముందు నల్లటి పొగ, తర్వాత నిలకడైన చప్పుడు.

"ఇను," అన్నాడు బిక్షం వైర్లు చుట్టుకుంటూ. "నీ బ్యాటరీల ఏం లేదు. ఆపకు. ఆపితే మళ్ల లేవదు. గాలి కొట్టిచ్చేటప్పుడు గూడ ఆపకు. సీదా వరంగల్ దాక పో, కొత్త బ్యాటరీ ఏపిచ్చుకో. పైలం."

అతను వెళ్ళిపోయాడు. వీరేందర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు బయలుదేరితే పరకాల, చిట్యాల దాటి ప్రార్థన మొదలయ్యేసరికి టేకుమట్ల చేరవచ్చు. గేటు తెరిచే ఉంది. స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కునే ఉన్నాడు. ఏ అడ్డమూ లేదు.

లోపలి అద్దం కప్పు వైపు తిరిగి ఉంది. వరంగల్ నుంచి వచ్చేటప్పుడు దవాఖాన గేటు దాటగానే తనే దాన్ని అలా తిప్పాడు. దారంతా వెనకనుంచి శోభారాణి మాట్లాడుతూనే ఉంది, పాపతో. అతను చూడలేదు. ఇప్పుడు చెయ్యి చాపి అద్దాన్ని కిందికి దించాడు. వెనక సీటు కనిపించింది. శుభ్రంగా ఉంది. దాని మీద శోభారాణి కూర్చుంటుంది. ఒడిలో ఏమీ ఉండదు. టేకుమట్ల నుంచి జనగామ దాకా ఆ అద్దంలో ఆమె ఉంటుంది, ఆమె తన కళ్ళ కోసం వెతుకుతుంది. ఆ రోజు ఒక్కసారి కూడా వెనక్కి తిరగని మనిషిని చూడ్డానికే ఆమె ఈ కారు అడిగింది. కాదేమో. కేవలం బిడ్డ పడుకున్న చోట కూర్చోవాలని అడిగిందేమో. ఏదైనా ఒకటే.

ఫోన్ మోగింది.

"ఎల్లినవా?" శోభారాణి గొంతు. వెనకాల కుర్చీలు లాగుతున్న చప్పుడు. ఆమె తల్లి మరియమ్మ అంటోంది, "అల్లుడు ఏడిదాక వచ్చిండో అడుగు బిడ్డా, అన్నం అప్పుడే వార్పిస్త."

"లేదు," అన్నాడు. "కారు స్టార్టయితలేదు. మెకానిక్ వచ్చిండు. సెల్ఫ్ పోయిందట. దించాలెనట. రెండు రోజులు పడ్తదంటుండు."

మాటలు తడబడకుండా వచ్చాయి. బిక్షం చెప్పినవే కదా.

అతని మోకాళ్ళకు ఇంజను సన్నగా అదురుతూ తగులుతోంది.

"సప్పుడు ఇనవడ్తుంది," అంది శోభారాణి.

"ఏం సప్పుడు?"

"మన కారు సప్పుడు నేను గుర్తువట్టనా?"

అతను నోరు తెరిచాడు. ఇప్పటికైనా వస్తున్న అనవచ్చు. ఆ ఒక్క మాటకు చోటు ఇంకా ఉంది, ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపు పొడుగంతా అతను విన్నాడు. తర్వాత ఆమె గొంతు ఫోన్‌కు దూరంగా జరిగింది.

"రాడంట, అమ్మా. పాప ఫొటో పక్కన ఏసిన కుర్చీ తియ్యిండ్రి."

ఫోన్ ఆగిపోయింది.

కట్టమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. కారుకు కాస్త దూరంలోనే నిలబడింది. కడిగిన నాటి నుంచి ఆమె దాన్ని తాకలేదు.

"ఏమన్నది?"

"రావద్దన్నది," అన్నాడు వీరేందర్.

ఆ మాట తనదేనా అని ఒక్క క్షణం విన్నాడు. అబద్ధంలా లేదు. సాయంత్రానికి దీన్ని పక్కింటి మంజులక్కకు చెబుతాడు, రేపు ఆఫీసులో ఎవరైనా అడిగితే చెబుతాడు, కొన్నాళ్ళకు చెప్పేటప్పుడు నిజంగానే గొంతు పూడుకుపోతుంది. ఆమె రావద్దన్నది. తను మాత్రం కారు బాగు చేయించుకుని, తెల్లచొక్కా వేసుకుని సిద్ధంగానే ఉన్నాడు.

"గంత కోపమా ఆమెకు? పొద్దటి సంది నువ్వు గింత తిప్పల వడ్డవు," అంది కట్టమ్మ. పైటకొంగుతో కళ్ళొత్తుకుంది. కొడుకు మీద జాలితో ఆమె గొంతు వణికింది. అది అతనికి నచ్చింది. నచ్చిందని తెలిసి కూడా అలాగే కూర్చున్నాడు.

"ఇగ బంద్ చెయ్యి మరి," అంది. "ఎటు పోనిదానికి ఊకె ఎందుకు పెట్రోలు కాలవెట్టుడు?"

అతను తాళం వెనక్కి తిప్పాడు.