బోర్లా అద్దం

హాంబుర్గ్ దగ్గరి ఆ ప్రయోగశాలలో తప్పు చేసినవాళ్లు శుక్రవారం అందరికీ కేకు తేవాలి. సోమవారం పొద్దున బోర్డు మీద విబ్కె పేరు రాసి ఉంది. అరికాలి మంట నెత్తికెక్కి, ఆమె దాన్ని అరచేత్తో తుడిచేసింది.

తప్పని తేల్చింది ఆమె అద్దాన్ని. దాని రూపకల్పనకు ఆమెకు నాలుగేళ్లు పట్టింది. ఎక్స్-రే లేజర్ కిరణాన్ని అది వెంట్రుకలో వందో వంతు చుక్కగా పోగుచేయాలి. ఆ చుక్కలో పెడితేనే పదార్థం తన గుట్టు విప్పుతుంది. కొలిచి చూస్తే అద్దంలో గుంట ఎక్కువైందట. మళ్లీ సానపట్టించడానికి వాకిట్లో లారీ సిద్ధంగా ఉంది. సానపడితే ఆమె కావాలని పెట్టిన గుంట పోతుంది, దాంతోపాటే నాలుగేళ్లూ పోతాయి.

విబ్కె అద్దం ఉన్న చెక్కపెట్టె మీదెక్కి కూర్చుని రొట్టె పొట్లం విప్పింది.

“దిగమ్మా, డ్రైవరు ఎదురుచూస్తున్నాడు,” అన్నాడు కొలతలు చూసే పెద్దాయన డెట్లెఫ్.

“చూడనివ్వండి. నేను నాలుగేళ్లు చూశాను. తప్పు అద్దంలో లేదు, మీ కొలతలో ఉంది.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస.”

“మీ యంత్రం పైనుంచే చూస్తుంది కాబట్టి అద్దాన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. తన బరువుకి నడుం దిగి గుంట పెరిగింది. కిరణం దగ్గర అది బోర్లా వేలాడుతుంది. అప్పుడూ నడుం దిగుతుంది, కానీ గుంట తగ్గుతుంది.”

“ఆ దిగుడు లెక్కలో తీసేశాను. ఇరవై ఏళ్లుగా తీసేస్తున్నాను.”

“అవన్నీ పక్కకి తిరిగి నిలబడ్డ అద్దాలు. వాటికి ఒకసారి తీస్తే చాలు. దీనికి రెండుసార్లు తీయాలి, వెల్లకిలా పెరిగినదానికోసారి, బోర్లా తగ్గేదానికోసారి.”

డెట్లెఫ్ వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. లారీ కేసి, ఆమె కేసి చూశాడు.

“మూడు రోజులిస్తాను. తేడా వస్తే నీ చేత్తోనే లారీ ఎక్కించాలి.”

“రాకపోతే కేకు మీది.”

గురువారం, బోర్లా వేలాడదీసిన అద్దం మీంచి వచ్చిన కిరణం సన్నని బంగారు రేకుకి చిల్లు పెట్టింది. మైక్రోస్కోపులో డెట్లెఫ్ ఆ చిల్లుని రెండుసార్లు కొలిచాడు. వెంట్రుకలో వందో వంతు. కోటు వేసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం బల్ల మీద పళ్లెం నిండా వెన్న కేకు, ఇంకా వెచ్చగా ఉంది.

“ఏం లేదు, నా పుట్టినరోజు,” అన్నాడు డెట్లెఫ్ అందరితో.

“మీ పుట్టినరోజు కేకు మార్చిలోనే తిన్నాం కదండీ,” అంది విబ్కె.

ఆమె లేచి వెళ్లి బోర్డు మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో రాసి, వచ్చి తన ముక్క తీసుకుంది. ఆ పేరు తుడవడానికి ఎవరూ లేవలేదు.