కుట్టుమిషను పుస్తకానికి ఇద్దరు రచయితలు

కుట్టుమిషన్ల రిపేరు మీద పుస్తకం రాయించాలన్న ఆలోచన పబ్లిషరుది. రాయాల్సిన ఆవిడ ఇరవై రెండేళ్లుగా బస్టాండు పక్క చిన్న గదిలో ఆ పనే చేస్తోంది. గుమ్మంలో మిషను తిప్పితే చాలు, కూర్చున్న చోటినుంచి లేవకుండానే ఎక్కడ దారం చిక్కుకుందో చెప్పేస్తుంది. అయితే కలం పట్టుకుంటే మాత్రం ఒక్క వాక్యమూ ముందుకు సాగేది కాదు.

"భాష చూసిపెట్టే మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు పబ్లిషరు.

"మా బావగారున్నారు" అని నోరు జారింది ఆవిడ.

అక్క భర్త రిటైరైన భాషాపంతులు. జన్మలో ఒక్క సూదిలోనైనా దారం ఎక్కించి ఎరగడు. కుట్టుమిషను పుస్తకం రాయడానికి అంతకన్నా అర్హత ఏం కావాలి?

ఆలు లేదు చూలు లేదు అన్న సామెతలోలాగా, మొదటిరోజే అంకితం పేజీ పట్టుకొచ్చాడు. నెల తిరిగేసరికి మొదటి అధ్యాయం నలభై పేజీలైంది. దాని పేరు 'మానవుడు – వస్త్రావసరము'.

"బావగారూ, ఇందులో మిషను ఎప్పుడొస్తుంది?" అని ఆవిడ మెల్లగా అడిగింది.

"తొందరేంటమ్మా? మనిషి ఇంకా గుహలోనే ఉన్నాడు. ఇప్పుడిప్పుడే ఆకులు కట్టుకుంటున్నాడు. తోలు దాకా రానీ."

ఆవిడ రాసిచ్చిన కాగితాల గతి ఇంకా ఘనంగా ఉంది. 'బెల్టు వదులైతే అరంగుళం కత్తిరించి మళ్లీ తగిలించండి' అని ఆవిడ రాస్తే, 'అధశ్చక్రమును పరివేష్టించిన పట్టిక శైథిల్యమును పొందినచో, ఖండించి పునఃసంధానము గావింపవలెను' అని ఆయన దిద్దాడు.

"అరంగుళం ఏమైందండీ?"

"అంకెలు వాక్యానికి అందం తేవమ్మా."

ఆవిడ వెళ్లి అక్క దగ్గర మొత్తుకుంది. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతూ అంది: "ముప్ఫై ఏళ్లుగా ఆయనతో కాపురం చేస్తున్నానే. నువ్వు ముచ్చటగా మూడు నెలలు పుస్తకం రాయలేవా?"

పాపం, ఆ అక్క మిషను బెల్టే ఆ వారంలో వదులైంది. కిటికీ తెరలు కుడుతుంటే చక్రం ఒకవైపు, బెల్టు ఒకవైపు. చెల్లెలికి ఫోను చేస్తానంటే బావగారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"రచయితని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్లని పిలుస్తావా?"

తన పేజీ తనే తీసి గట్టిగా చదువుకున్నాడు. ఖండించమని ఉంది కాబట్టి ఖండించాడు. ఎంత ఖండించాలో లేదు కాబట్టి జానెడు ఖండించాడు. మిగిలిన ముక్క రెండు కొసలూ ఎంత లాగినా కలవలేదు.

చివరికి అక్కే ఫోను చేసింది. చెల్లెలు కొత్త బెల్టు పట్టుకుని వచ్చేసరికి ఆయన చొక్కా నిండా నూనె మరకలతో నేలమీద కూర్చుని ఉన్నాడు.

"లోపం మిషన్లోనే ఉందమ్మా. పుస్తకంలో రాసినట్టు నడుచుకోవడం లేదు" అన్నాడు.

అక్క వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుని నవ్వింది.

పది నిమిషాల్లో బెల్టు బిగిసింది. ఆవిడ చేతులు తుడుచుకుంటుంటే ఆయన వంగి మిషను కింద చూస్తూ అడిగాడు: "అది సరేగానీ, పైన ఒక దారం ఉంది కదా. మళ్లీ ఈ కింద ఇంకోటి ఎందుకు? ఒకటి చాలదూ?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న ఆవిడను ఎవరూ అడగలేదు. తను రాసిన కాగితాల్లోనూ ఆ సంగతి ఎక్కడా లేదు. అందరికీ తెలుసనుకుంది.

చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చూపించింది. సూది కిందికి దిగడం, కిందదారం కండెను మోసే షటిలు మొన పైదారాన్ని ఉచ్చులా లాగడం, ఆ ఉచ్చులోంచి కిందదారం దూరి రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవడం. ఆయన నోరు తెరుచుకుని చూశాడు. జీవితంలో మొదటిసారి కాబోలు, మధ్యలో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం ఆవిడ అదే మాటల్లో అదంతా రాసేసింది. కలం ఎక్కడా ఆగలేదు. మర్నాడు బావగారి ముందు కూర్చుంది.

"అట్టమీద మీ పేరే ముందు వేయించుకోండి. ఎంత పెద్ద అక్షరాలైనా సరే. లోపల మాత్రం ఒక్క ముక్క ముట్టుకోకండి."

నొచ్చుకుంటాడని ఓదార్పు మాటలు కూడా సిద్ధం చేసుకుంది. ఆయన గ్లాసెడు మంచినీళ్లు తాగేంతసేపు ఆలోచించాడు.

"పేరు కింద నా బిరుదు కూడా పడుతుందా?"

ఓదార్పు మాటలు వృథా అయ్యాయి. ఇంత సులువుగా ఒప్పుకుంటాడని తెలిస్తే గుహ దగ్గరే బేరం కుదుర్చుకునేదాన్ని కదా అనుకుంది.

పుస్తకం వచ్చింది, బాగానే అమ్ముడుపోయింది. పబ్లిషరు మాత్రం ఓ తెలివైన పని చేశాడు. 'సందేహాలుంటే రచయితను అడగండి' అని చివరి పేజీలో ఫోను నంబరు వేశాడు. మొదటి పేరు ఎవరిదైతే నంబరూ వారిదే.

పొద్దున్నే మొదలయ్యేవి ఫోన్లు. కుట్టు తప్పుతోందని ఒకరు, బట్ట జరగడం లేదని ఒకరు. బావగారు ఆదిమానవుడి నుంచి ఎత్తుకునేవాడు.

"మాస్టారూ, రేపటికి నలభై స్కూలు యూనిఫారాలు ఇవ్వాలి. గుహల సంగతి సెలవుల్లో వింటాను" అందొక దర్జీ.

ఆ మర్నాటి నుంచి ఆయన నోటుబుక్కుతో మరదలి కొట్టుకు రావడం మొదలుపెట్టాడు. స్టూలు మీద కూర్చుని ప్రతిదీ అడిగి రాసుకునేవాడు. నంబరు మార్పించమని ఆవిడ పబ్లిషరుకు ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. కొంత కసి, కొంత సరదా.

వానాకాలంలో ఒకరోజు ఆవిడ విడిభాగాలు కొనడానికి వెళ్లి వచ్చేసరికి, కొట్లో బావగారు ఎవరిదో మిషను పక్కకు వాల్చి, బట్టను జరిపే పళ్ల సందుల్లోంచి పీచు ఊడదీస్తున్నాడు. మిషను తాలూకు మనిషి భక్తిగా నిలబడి ఉంది. పని శుభ్రంగా ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

ఆ మనిషి వెళ్లాక ఆయన గొంతు సవరించుకున్నాడు. "రెండో ముద్రణలో ఈ పళ్ల అధ్యాయం కాస్త మార్చాలమ్మా. మిషను ఎటు వాల్చాలో నువ్వు చెప్పనేలేదు."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. విసురుగా పుస్తకం తీసి ఆ పేజీ రెండుసార్లు చదివింది. ఖర్మ కాకపోతే, నిజంగానే చెప్పలేదు.