కొంగు అడ్డం లేని ఫొటో

నేనొక హార్డ్‌డిస్కును. నన్ను మీరు చూసి ఉండరు. కంప్యూటర్ డబ్బాలో నాలుగు మరలతో బిగిస్తారు, పాడైతే తప్ప నా ఊసెత్తరు. ఎక్కడో సముద్రాల అవతల, దుమ్ము పొడ సోకని గదిలో పుట్టాను. ఖర్మ కాలి కోరుట్ల బజారులో, మట్టి లారీలు తిరిగే రోడ్డు పక్కన, భూమేశ్ ఫ్లెక్సీ దుకాణంలో పడ్డాను. నా లోపల అద్దంలాంటి పళ్లెం, దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో కదిలే సూది. అది పళ్లేనికి తగిలిందా, నా పని అయిపోయినట్టే.

తొమ్మిదేళ్లలో ఊరంతా నాలోకి వచ్చి చేరింది. పుట్టినరోజు ఫ్లెక్సీలో మీసం మెలేసిన ముఖాన్నే కన్నీటి నివాళిలోనూ పెడతారు. మధ్యలో మారేది పూలదండ ఒక్కటే. భూమేశ్‌కు పనితనం ఉంది గాని, ఇంకోచోట కాపీ దాచుకునే బుద్ధి లేదు. "నా డబ్బ బంగారం, దీనికేమైతది?" అనేవాడు.

ఆ బంగారానికి ఏటా దసరా నాడు పూజ. "ఆన్ జేసి పెట్టాలె, బందుంటే ఫలమెట్ల దక్కుతది?" అని, నేను గిర్రున తిరుగుతుండగానే కంప్యూటరున్న బల్ల అంచుకే కొబ్బరికాయ కొట్టేవాడు. ఎనిమిదేళ్లు ఎలాగో తట్టుకున్నాను. తొమ్మిదో ఏడు ముదురుకాయ దొరికింది. మూడో దెబ్బకు కాయ పగిలింది, నా సూది పళ్లేన్ని గీసింది. మొక్కిన చేత్తోనే నన్ను చంపాడు మహానుభావుడు! పైగా కొబ్బరిచిప్ప నా నెత్తినే పెట్టాడు.

అప్పటినుంచి ఫైళ్లు మాయం కాసాగాయి. పేరు కనబడుతుంది, తెరిస్తే ఏమీ ఉండదు. భూమేశ్ వైరస్ అన్నాడు, వైరు పీకి ఊది మళ్లీ పెట్టాడు, ఆఖరికి నిమ్మకాయ కట్టాడు. పోయినవాళ్ల ముఖాలే ముందు పోతున్నాయని అతని అనుమానం. ఒంటరిగా ఉన్నప్పుడు నా 'టక్ టక్' విని "ఎవలూ?" అని అడిగేవాడు. ఏం చెప్పను? నాకూ భయంగానే ఉండేది. ఎవరో వచ్చి నాలోంచి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నట్టుండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, బీడీలు చుట్టే గంగజల వచ్చింది. ఆమె తల్లి ముత్తవ్వ పోయి తొమ్మిది రోజులు. ముత్తవ్వ నాకు గుర్తే. ముందుపళ్లు ఊడినప్పటినుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకోనిదే మాట్లాడేది కాదు. పింఛను ఫొటోకని వచ్చినప్పుడు భూమేశ్ ఏదో పరాచికమాడితే, కొంగు సంగతి మరిచి పకపకా నవ్వింది. ఆ ఫొటో నాలో తప్ప ఇంకెక్కడా లేదు.

"అన్నా, రేపే దినాలు. ఆధార్ ఫొటోల మా అవ్వ నన్ను కొట్టవచ్చినట్టున్నది. నీ తాన నవ్విన ఫొటో ఉన్నది గద, గదే కావాలె."

భూమేశ్ ఫోన్ అందుకున్నాడు. జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే ఫయాజ్‌కు ఫోన్ చేసి, నా చప్పుడు వినిపించాడు.

"అరె, వైరస్ కాదన్నా. డిస్కు సావుకొచ్చింది. దెబ్బేమన్న తాకిందా?"

భూమేశ్ బల్ల అంచు వైపు చూశాడు. తొమ్మిదేళ్ల కొబ్బరికాయల గాట్లు అక్కడే ఉన్నాయి.

"ఒక్క ఫైలు తీస్కో, గంతే. మల్ల లేవదు."

"లీడర్ల ఫ్లెక్సీలు గంగల పోనీ" అని భూమేశ్ ముత్తవ్వ ఫొటో మీదే నొక్కాడు.

ఉన్న శక్తంతా కూడగట్టుకున్నాను. బొట్టు వచ్చింది. ముడతలతో సహా కళ్లు వచ్చాయి. ముక్కుపుడక వచ్చింది. ఆ కిందే నా పళ్లెం మీది గీత. సూది వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఇక నావల్ల కాలేదు.

తెర మీద ముక్కు కిందినుంచి అంతా బూడిదరంగు.

"చెల్లె, నా చేతులార నేనే..." అని భూమేశ్ తల పట్టుకున్నాడు.

గంగజల తెర దగ్గరికి వంగింది. "మల్ల కొంగు అడ్డం పెట్టుకున్నదన్నా మా అవ్వ" అని అప్పుడు బావురుమంది. కళ్లు తుడుచుకుని, "గిట్లనే ఎయ్యి. అందరికి గిట్లనే ఎరుక" అంది.

ఆ బూడిదరంగు మీద భూమేశ్ ముత్తవ్వ చీరరంగు ఎక్కించి, కొంగు మడతలు దిద్దాడు. అచ్చం ముత్తవ్వేనన్నారట దినాలకొచ్చినవాళ్లు.

ఇప్పుడు నేను అతని సొరుగులో ఉన్నాను. ఈ దసరాకు కొబ్బరికాయ గడప బయట కొట్టాడు. ఇంకేం లాభం? గీతకు అవతల మిగిలిన సగం ఫొటో నాలోనే ఉంది, దాన్ని ఎవరూ చూడలేరు. అక్కడ ముత్తవ్వ, కొంగు అడ్డం లేకుండా, నవ్వుతూనే ఉంది.