విప్పదీసే కంచె

"పూల్ చుట్టూ కంచె వేయిస్తున్నాను. నీకోసమే," అన్నాడు భర్త.

తడి తువ్వాలు పిండుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. ఆదివారం ఈతకొచ్చిన ఆయన స్నేహితులు వదిలిపోయినవి పదకొండు తువ్వాళ్ళు. వాటిని ఉతికి ఆరేయడం సోమవారం ఆమె పని. పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో ఆయన నోట "నీకోసమే" అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆమెకి ఏదో ఒక చాకిరీ తగులుకుంది. నీకోసమే అని పెద్ద ఫ్రిజ్ కొని, అది నిండేలా వారంవారం జనాన్ని పిలిచాడు. నీకోసమే అని పూల్ తవ్వించాడు. అందులో ఆకులు దేవేది ఆమె, క్లోరిన్ కలిపేది ఆమె, ఈదేది ఆయన. అందుకే ఎగిరి గంతేయాల్సిన మాటకి ఆమెకి అనుమానం వచ్చింది.

కూతురు బుడ్డిదానికి నడక వచ్చిన రోజు నుంచీ కంచె వేయించమని ఆమె అడుగుతూనే ఉంది. "జైల్లా ఉంటుంది, చూడ్డానికేం బాగుంటుంది?" అన్నాడాయన. ఇంకోసారి, "నువ్వున్నావుగా, మళ్ళీ కంచె దేనికి?" అన్నాడు. "నలుగుర్ని పెంచాను నేను. ఒక్క పిల్లని కనిపెట్టుకోలేవా?" అని ఫోన్లో అత్తగారు. ఆవిడ నలుగుర్ని పెంచిన ఇంటి పెరట్లో నిలువెత్తు నీళ్ళు లేవన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అలా మూడేళ్ళు తలుపు తీసిపెట్టుకునే స్నానం చేసింది. కాఫీ ఎప్పుడూ వేడిగా తాగలేదు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం మానేసింది. ఒకరోజు గిన్నెలు తోముతూ తలెత్తేసరికి బుడ్డిది గట్టు చివర గొంతుక్కూర్చుని, నీళ్ళలో తేలుతున్న బంతికోసం చెయ్యి చాపుతోంది. సబ్బు చేతుల్తోనే పరిగెత్తి లాక్కొచ్చింది. భోజనాల దగ్గర చెబితే, "పడలేదుగా," అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి కంచె మీద ప్రేమ ఎందుకు పుట్టింది? ఇంటినుంచే పనిచేసే ఆయన ఫోన్లో గొంతు తగ్గించి, "గురువారం వస్తార్లే, చూసి పోతారు," అనడం ఆమె చెవిన పడింది. ఎవరని అడిగితే, "నీకన్నీ అనుమానాలే," అన్నాడు. ల్యాబులో సీసా మీద పేరు రెండుసార్లు చూసినందుకు ఆమెని మెచ్చుకునేవాళ్ళు. ఇంట్లో అదే గుణం తప్పయింది. ల్యాబు పెద్దావిడ ఫోన్ చేసి, వచ్చే సోమవారం చేరతానంటే నీ చోటు నీదేనంది. ఆ సంగతి ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

బుధవారం మేస్త్రి వచ్చాడు. గచ్చుకి కన్నాలు వేశాడు, వాటిలో ఇనప గొట్టాలు దించాడు, గొట్టాల్లో కంచె స్తంభాలు నిలబెట్టాడు. మధ్యాహ్నానికి కంచె చూడముచ్చటగా తయారైంది. ఆమె వెళ్ళి ఒక స్తంభాన్ని పట్టుకుని లాగింది. ముల్లంగి పీకినట్టు అది చేతిలోకి వచ్చేసింది.

"అదంతేనమ్మా," అన్నాడు మేస్త్రి. "సారు విప్పదీసే రకం పెట్టమన్నారు. పూల్‌కి కంచె లేదని పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చిందంట కదా. రేపు ఆఫీసువాళ్ళు చూసి వెళ్ళాక తీసి షెడ్డులో పెట్టుకుంటామన్నారు. మీకు తెలుసనుకున్నాను."

ముందు ఆమెకి ఊపిరి ఆడినట్టయింది. తను పిచ్చిది కాదు, అనుమానం నిజమే. ఆ తరువాత కోపం వచ్చింది, కళ్ళు మండేంత కోపం. నోటీసు కాగితానికి భయపడ్డ మనిషి, కూతురు గట్టు చివర కూర్చుంటే భయపడలేదు.

"గొట్టాల్లో సిమెంటు పోసేస్తే?"

"ఇక కోసి తియ్యాల్సిందేనమ్మా. సారునొక మాట అడిగి..."

"సారు మేడమీద మీటింగులో ఉన్నారు. మీటింగులో ఉంటే తలుపు కొట్టకూడదని ఆయనే చెప్పారు. పొయ్యండి."

మేస్త్రి మేడవైపు చూశాడు, చాప మీద బొమ్మలు పేర్చుకుంటున్న బుడ్డిదాన్ని చూశాడు. "తొందరగా బిగిసే రకం బండిలో ఉందమ్మా," అని లేచాడు. గేటుకి స్ప్రింగు బిగించి, గొళ్ళెం ఆమె భుజం ఎత్తున పెట్టాడు. వదిలేస్తే గేటు దానంతటదే మూసుకుంటోందో లేదో ఆమె ఏడుసార్లు చూసుకుంది.

సాయంత్రం ఆయన కిందికొచ్చి స్తంభాన్ని లాగాడు. రెండు చేతులతో లాగాడు. అది కదల్లేదు.

"నన్నొక్క మాట అడగక్కర్లేదా? ఎందుకింత రాద్ధాంతం? ఇంట్లో నువ్వుండగా పిల్లకేమవుతుంది?"

"నేనుండను," అందామె. "సోమవారం నుంచి ల్యాబుకి వెళ్తున్నాను. బుడ్డిదాన్ని చూసుకునేది మీరు. మీ మీద నాకు నమ్మకం లేదు, అందుకే సిమెంటు పోయించాను."